రాలే కాయ, వచ్చే జింక: సహజాహారం, వేట, చట్టంపై పాఠకుల ప్రశ్నలు

ఈ నెల ఉత్తరాలలో ఎక్కువ భాగం అమెరికాలో స్థిరపడి, అక్కడి చట్టానికి లోబడి వేట నేర్చుకుంటున్న తెలుగువారి నుంచి వచ్చాయి. గింజలు పోసి ఎర పెట్టకుండా, అడవిలో తనంతట తాను పండి రాలే కాయలు, పండ్లు, మేత ఆధారంగా జింక, ఎల్క్ (జింక కుటుంబంలోని భారీ జంతువు), ఎలుగుబంటి వంటి పెద్ద జంతువులను వేటాడడం ఎలాగన్నది వాటి సారాంశం. ఆదిలాబాద్ జిల్లా నుంచి వచ్చిన ఉత్తరం మాత్రం అదే విషయాన్ని మన దేశపు చట్టం వైపు నుంచి అడిగింది. పేర్లు తీసివేసి, ఊళ్లు మాత్రం ఉంచి ప్రచురిస్తున్నాము.

ప్రశ్న: పిట్స్‌బర్గ్ దగ్గర ఉంటున్నాను, గ్రీన్‌కార్డు ఉంది. ఈ వేసవిలో వేట శిక్షణ పూర్తిచేసి లైసెన్సు తీసుకున్నాను. తెల్లతోక జింక కావాలంటే ఓక్ చెట్టు దగ్గర మాటు వేస్తే చాలునని నాతో పనిచేసేవారు చెబుతున్నారు. నేను వెళ్లే ప్రభుత్వ అడవిలో ఎటు చూసినా ఓక్ చెట్లే. ఏ చెట్టు దగ్గర కూర్చోవాలి?

జవాబు: వారు చెప్పినది తప్పు కాదు గాని, అసలు సంగతి అందులో లేదు. ఓక్ చెట్టు ఉన్నంత మాత్రాన జింక రాదు. కాయ రాలుతున్న చెట్టు దగ్గరకు, అది రాలే రోజులలో మాత్రమే వస్తుంది. కనుక మీరు తెలుసుకోవలసినది చెట్టు కంటే ముందు దాని కాలం.

ముందుగా ఓక్‌లను రెండు వర్గాల కింద విడదీసి చూడడం అలవాటు చేసుకోండి. ఆకు అంచులోని మడతలు గుండ్రంగా ఉంటే అది తెల్ల ఓక్ వర్గానిది. మడతల కొనలు సూదిగా ముల్లులా ముగిస్తే ఎర్ర ఓక్ వర్గానిది. తెల్ల ఓక్ కాయ పూసిన ఏడాదిలోనే పక్వానికి వచ్చి సెప్టెంబరు, అక్టోబరు నెలలలో రాలుతుంది. అందులో వగరునిచ్చే టానిన్ అనే పదార్థం తక్కువ. ఎర్ర ఓక్ కాయ పక్వానికి రావడానికి రెండేళ్లు పడుతుంది, వగరు ఎక్కువ. రెండూ నేల మీద ఉన్నప్పుడు జింక సాధారణంగా తెల్ల ఓక్ కాయనే ముందు తింటుంది. కాని తెల్ల ఓక్ కాయ రాలిన కొద్ది రోజులకే, ఆ శరదృతువులోనే మొలకెత్తుతుంది. పైగా ఉడుతలు, టర్కీ కోళ్లు, ఎలుకలు, పురుగులు అన్నీ దాని మీదే పడతాయి. ఎర్ర ఓక్ కాయ వసంతం దాకా మొలకెత్తదు కాబట్టి ఆకుల కింద, మంచు కింద నిలిచి ఉంటుంది. ఈ తేడా మీ వేట క్యాలెండరును నిర్ణయిస్తుంది. పెన్సిల్వేనియాలో అక్టోబరులో విల్లుతో వేటాడేవారికి తెల్ల ఓక్ ముఖ్యం. నవంబరు నాలుగో గురువారం వచ్చే థాంక్స్‌గివింగ్ పండుగ తరువాతి శనివారం రైఫిల్ వేట మొదలయ్యేసరికి తెల్ల ఓక్ కింద తొడిమ చిప్పలు తప్ప ఏమీ మిగలకపోవచ్చు, అప్పుడు ఎర్ర ఓక్‌లను వెతకాలి.

ఓక్‌లు ప్రతి ఏడాదీ ఒకేలా కాయవు. ఒక ఏడు కొమ్మలు విరిగేలా కాసి, తరువాతి ఏడు దాదాపు ఖాళీగా ఉండిపోవడం వాటి స్వభావం. వసంతంలో ఆలస్యంగా కురిసిన మంచు పూతను కాల్చేస్తే తెల్ల ఓక్‌లో ఆ ఏడాది కాపే పోతుంది. ఎర్ర ఓక్‌లో ఆ దెబ్బ మరుసటి ఏడాది కనిపిస్తుంది. అందుకే నిరుటి అనుభవాన్ని నమ్మి నిరుటి చెట్టు దగ్గరే కూర్చోవడం తెలివైన పని కాదు. ఆగస్టు నెలాఖరులో బైనాక్యులరు పట్టుకుని, ఎండ బాగా తగిలే పై కొమ్మల చివరలు చూడండి. గుంపులో ఇరుక్కున్న చెట్టు కంటే గట్టు మీదా అడవి అంచునా తల విప్పార్చుకుని నిలిచిన చెట్టు ఎక్కువ కాస్తుంది. సెప్టెంబరులో నేలను చూడండి. తొడిమ చిప్పతో సహా ముందుగా రాలిన కాయలు చాలావరకు పుచ్చువే. వాటిని చూసి మురిసిపోకండి. ఖాళీ చిప్పలు, నమిలి వదిలిన పెంకు ముక్కలు, కాళ్లతో చెదిరిన ఆకులు, ఇంకా తడి ఆరని పెంటికలు ఒకే చోట కనిపిస్తే, ఆ చెట్టు ఆ వారానికి మీ చెట్టు.

ఇక్కడ ఒక చరిత్ర చెప్పక తప్పదు. ఒకప్పుడు మీ అపలాచియన్ కొండలలో అడవి జంతువులకు ప్రధానమైన శరదృతువు ఆహారం అమెరికన్ చెస్ట్‌నట్. అది వేసవి మొదట్లో, మంచు భయం తీరిన తరువాత పూస్తుంది కాబట్టి ఏటా నమ్మకంగా కాసేది. 1904లో న్యూయార్క్ జంతుప్రదర్శనశాలలో మొదటిసారి గుర్తించిన ఒక శిలీంధ్ర తెగులు నాలుగైదు దశాబ్దాలలో ఆ జాతిని దాదాపు తుడిచిపెట్టింది. చనిపోయిన చెట్లు 300 నుంచి 400 కోట్లని అంచనా. ఏటా కాసే చెట్టు పోయి, ఎప్పుడు కాస్తుందో తెలియని చెట్టు మిగిలింది. ఇవాళ్టి వేటగాడు ప్రతి ఏడూ అడవిని కొత్తగా చదువుకోవలసి రావడానికి ఇది ఒక కారణం.

అక్టోబరులో మరొక చిత్రం జరుగుతుంది. సెప్టెంబరు దాకా ప్రతి సాయంత్రం సోయా చేలలోకి వచ్చిన జింకలు ఒక్కసారిగా కనబడవు. వేటగాళ్లు జింకలు వలస పోయాయనో, రాత్రిపూట మాత్రమే తిరుగుతున్నాయనో చెప్పుకుంటారు. చాలాసార్లు అసలు కారణం, అడవి లోపల కాయ రాలడం మొదలు కావడమే. చలికాలానికి ముందు కొవ్వు పట్టించుకోవలసిన జంతువుకు కొవ్వూ పిండిపదార్థమూ ఉన్న ఓక్ కాయ పచ్చిమేత కంటే విలువైనది. పైగా దాన్ని తినడానికి బయలుకు రానక్కరలేదు. చేను అంచున మంచె కట్టుకుని కూర్చున్నవారు అప్పుడు లోపలికి కదలాలి.

కాయలు విరగకాసిన ఏడాది వేట సులభమని చాలామంది అనుకుంటారు. నా ఉద్దేశంలో అది కష్టమైన ఏడాది. అన్ని చెట్ల కిందా ఆహారం ఉంటే, జింక తాను పడుకున్న చోటి నుంచి పది అడుగులు వేసి కడుపు నింపుకుని మళ్లీ పడుకుంటుంది. ఏ ఒక్క చెట్టుకూ ప్రత్యేకత ఉండదు. అలాంటి ఏడు చెట్టును వదిలి, పడక నుంచి మేతకు, నీటికి పోయే ఇరుకు దారులలో కూర్చోవాలి. కాపు పోయిన ఏడు మాత్రం, కాసిన ఆ రెండు మూడు చెట్లు దొరికించుకున్నవాడిదే అదృష్టం.

ఇక కూర్చునే పద్ధతి. సరిగ్గా చెట్టు కిందకు వెళ్లి మీ వాసన అక్కడ వదలకండి. గాలి చెట్టు వైపు నుంచి మీ వైపు వీచేలా, కొంత దూరంగా ఉండండి. కొండ ప్రాంతాలలో పొద్దున నేల వేడెక్కేకొద్దీ గాలి పైకి, సాయంత్రం చల్లబడేకొద్దీ కిందికి సాగుతుంది. కాబట్టి పొద్దుటి చోటు సాయంత్రానికి పనికిరాకపోవచ్చు. రైఫిల్ వేట కాలంలో తల, ఛాతీ, వీపు మీద కలిపి కనీసం 250 చదరపు అంగుళాల నారింజ రంగు మీ రాష్ట్రంలో తప్పనిసరి. మంచె ఎక్కితే ఒళ్లంతా పట్టి ఉంచే రక్షణ బెల్టు నేల మీదే తగిలించుకుని ఎక్కండి. వేటలో తుపాకి ప్రమాదాల గురించి భయపడే కొత్తవారు చాలామంది మంచె మీద నుంచి పడే ప్రమాదాన్ని తేలికగా తీసుకుంటారు.

ప్రశ్న: అట్లాంటా శివార్లలో మాకు కొంత అడవి భూమి ఉంది. అందులో పర్సిమన్ చెట్లు చాలా ఉన్నా, ఒకటి రెండు మాత్రమే కాస్తున్నాయి. తక్కినవి జబ్బుపడ్డాయా? జింకలకు ఇవి నిజంగా అంత ఇష్టమా?

జవాబు: జబ్బు కాదు. పర్సిమన్‌లో మగ చెట్టు వేరు, ఆడ చెట్టు వేరు. ఆడ చెట్టు మాత్రమే కాస్తుంది. మీకు ఈ చెట్టు కొత్తగా అనిపించినా దీని బంధువు మన ఊళ్లలో అందరికీ తెలుసు: బీడీ ఆకు కోసం కోసే తునికి చెట్టు, ఈ పర్సిమన్ ఒకే ప్రజాతికి చెందినవి. తునికి పండు కోసం మన అడవులలో ఎలుగుబంటి వెతికినట్టే, అక్కడ జింక, ఎలుగు, రకూన్, కొయోటీ పర్సిమన్ కోసం వెతుకుతాయి.

పండు సెప్టెంబరు నుంచి నవంబరు దాకా కొద్దికొద్దిగా రాలుతుంది. పచ్చిగా ఉన్నప్పుడు నాలుక పిడచకట్టేంత వగరు. మెత్తబడిన తరువాతే తీపి. మంచు పడితేనే పండుతుందన్న మాట వినే ఉంటారు, అది నిజం కాదు. ఒకేసారి కుప్పగా రాలకుండా రోజుకు కొన్ని చొప్పున రాలడమే ఈ చెట్టు గొప్పతనం, ఎందుకంటే జంతువు ప్రతిరోజూ ఒకసారి వచ్చి చూసిపోవలసి వస్తుంది. గడులు గడులుగా చీలిన నల్లని బెరడును బట్టి చలికాలంలో కూడా పర్సిమన్‌ను గుర్తుపట్టవచ్చు. కాసే చెట్లకు ఇప్పుడే గుర్తు పెట్టుకోండి. వాటి మీద నీడ వేస్తున్న పనికిరాని చెట్లను తీసివేస్తే ఎండ తగిలి కాపు పెరుగుతుంది. మగ చెట్లన్నీ నరికేయకండి, పుప్పొడి వాటి నుంచే రావాలి.

అదే భూమిలో పాత ఇంటి పునాదులేమైనా ఉంటే అక్కడ కూడా చూడండి. వదిలేసిన ఇళ్ల పెరళ్లలో ఆపిల్, పియర్ చెట్లు ఎవరూ పట్టించుకోకపోయినా కాస్తూనే ఉంటాయి.

ప్రశ్న: హారిస్‌బర్గ్ నుంచి రాస్తున్నాను. మా పెరటి ఆపిల్ పండ్లు బుట్టలకొద్దీ పాడవుతున్నాయి. వాటిని తీసుకెళ్లి అడవిలో నా మంచె ముందు పోస్తే తప్పేమిటి? మొక్కజొన్న కాదు, రసాయనం కాదు, సహజమైన పండే కదా.

జవాబు: పండు సహజమైనదే. దాన్ని మంచె ముందుకు చేర్చిన పద్ధతి కాదు. మీ రాష్ట్రంలో సాధారణ నియమం ప్రకారం జింకను ఎర మీద వేటాడడం నేరం, ఆ ఎర సహజమైనదా కృత్రిమమైనదా అన్నది ప్రశ్నే కాదు. గింజ, పండు, కాయ, ఉప్పు, ఖనిజం ఏదైనా సరే. చెట్టు నిలిచిన చోటే దానంతట అది రాలితే అది అడవి ఆహారం; ఎవరైనా ఏరి, మోసుకొచ్చి పోస్తే ఎర. పోసినదంతా ఎత్తివేసిన తరువాత కూడా 30 రోజుల దాకా ఆ చోట వేటాడకూడదు. ఎర పోసింది మీరు కాకపోయినా ఇబ్బందే, కాబట్టి ఇతరుల భూమిలో వేటాడేటప్పుడు యజమానిని ముందే అడిగి తెలుసుకోవడం మంచిది.

మామూలు వ్యవసాయ పద్ధతిలో వేసిన పంట, కోత తరువాత చేలో మిగిలిన గింజ వేరు విషయం. వాటి పక్కన కూర్చోవడాన్ని చాలా రాష్ట్రాలు అనుమతిస్తాయి. జింకల కోసం ప్రత్యేకంగా వేసే క్లోవర్ అనే పచ్చిమేత మడి కూడా సాధారణంగా ఇదే కోవలోకి వస్తుంది. అయితే చట్టం రాష్ట్రానికో తీరు. టెక్సస్‌లో ప్రైవేటు భూమి మీద ఎర చట్టబద్ధం. న్యూయార్క్‌లో జింకకు కాదు. మిషిగన్ దిగువ ద్వీపకల్పంలో 2019 ఆరంభం నుంచి నిషేధం. నిరుటి నియమాల పుస్తకం చూసి ఈ ఏడు వేటకు వెళ్లకండి.

ఈ కట్టుదిట్టం వెనుక ప్రధానమైన కారణం ఒక వ్యాధి. జింక జాతి జంతువులకు సోకే దీర్ఘకాలిక క్షీణత వ్యాధిని (సీడబ్ల్యూడీ) 1967లో కొలరాడోలో మొదట గమనించారు; పెన్సిల్వేనియాలో 2012లో బయటపడింది. దీనికి కారణం బాక్టీరియా కాదు, వైరస్ కాదు. ప్రియాన్ అనే వికృతమైన ప్రోటీను. అది లాలాజలం, మూత్రం, పేడ ద్వారా వ్యాపించి మట్టిలో ఏళ్ల తరబడి నిలిచి ఉంటుంది. మందు లేదు, వంటలో చావదు. ఒకే కుప్పలో పదిహేను జింకలు మూతులు పెట్టడం దానికి రాచబాట. ఓక్ చెట్టు కింద కూడా జింకలు చేరతాయి కదా అని మీరు అడగవచ్చు. చేరతాయి, కాని కాయలు చెట్టు విస్తీర్ణమంతా చెల్లాచెదురుగా పడతాయి, కొన్ని వారాలలో అయిపోతాయి, మరుసటి ఏడు కాపు మరో చోట ఉంటుంది. మనిషి పోసే కుప్ప మాత్రం అదే అడుగు నేలలో నెలల తరబడి నిండుతూనే ఉంటుంది.

దీనికి తోడు జింక కడుపు సంగతి ఒకటుంది. నెమరు వేసే జంతువు కడుపులోని సూక్ష్మజీవులు తినే మేతకు తగ్గట్టు నెమ్మదిగా మారతాయి. చలికాలమంతా కొమ్మల చిగుళ్లు తిన్న జింకకు దయతలచి ఒక్కసారిగా మొక్కజొన్న పోస్తే, కడుపులో ఆమ్లం పెరిగి, కడుపు నిండి ఉండగానే చనిపోవచ్చు.

వ్యాధి ఉన్న ప్రాంతంలో వేటాడినవారు మాంసం తినకముందే పరీక్ష చేయించాలనీ, వ్యాధి ఉన్నట్టు తేలితే తినవద్దనీ అమెరికా ఆరోగ్య సంస్థ సీడీసీ సలహా. పెరటి ఆపిళ్లతో జామ్ చేసుకోండి.

ప్రశ్న: డాలస్‌లో హెచ్-1బీ వీసా మీద ఉన్నాను. స్నేహితుడి రాంచ్‌లో అడవిపందుల వేటకు రమ్మంటున్నారు. పందుల వేటకు టెక్సస్‌లో లైసెన్సే అక్కరలేదట. అక్కడ గింజలు విసిరే యంత్రం కూడా ఉంది. మరి సహజాహారం గురించి నేను ఎందుకు నేర్చుకోవాలి?

జవాబు: రెండో ప్రశ్న కంటే మొదటి వాక్యం నన్ను కలవరపెట్టింది. ప్రైవేటు భూమిలో, యజమాని అనుమతితో అడవిపందులను వేటాడడానికి 2019 నుంచి టెక్సస్‌లో లైసెన్సు అక్కరలేదన్న మాట నిజమే. కాని అది రాష్ట్ర చట్టం. వలసేతర వీసా మీద ఉన్నవారు, అంటే హెచ్-1బీ, హెచ్-4, ఎఫ్-1 వంటి వీసాల వారు, తుపాకి గాని తూటా గాని కలిగి ఉండడాన్ని ఫెడరల్ చట్టం సాధారణంగా నిషేధిస్తుంది. చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్సు చేతిలో ఉండడం ఆ నిషేధానికి ఒక మినహాయింపు. కాబట్టి మీ స్నేహితుడికి అక్కరలేని లైసెన్సు మీకు అక్షరాలా ప్రాణావసరం. స్నేహితుడి తుపాకి ఒక్క నిమిషం పట్టుకున్నా అది కలిగి ఉండడం కిందకు రావచ్చు. 1971 సెప్టెంబరు 2న గాని తరువాత గాని పుట్టినవారికి టెక్సస్‌లో వేట శిక్షణ కూడా తప్పనిసరి. లైసెన్సు తీసుకుని, ఒకసారి వలస చట్టాల న్యాయవాదిని సంప్రదించిన తరువాతే రాంచ్‌కు బయలుదేరండి. విల్లు ఆ చట్టం చెప్పే తుపాకుల లెక్కలోకి రాదు.

ఇక గింజల యంత్రం. అక్కడి లైవ్ ఓక్ అనే ఓక్ రకం కాయలు రాలే వారాలలో జింకలూ పందులూ యంత్రం వైపు తిరిగి చూడకపోవడం టెక్సస్ వేటగాళ్ల నిత్య ఫిర్యాదు. యంత్రం పాడైందని బ్యాటరీలు మారుస్తారు. నిజానికి పాడైనది వారి అంచనా. వేసవిలో మెస్కీట్ కాయలు, నాగజెముడు పండ్లు కూడా అంతే. మెస్కీట్ మరేదో కాదు, మన కాలువ గట్ల మీదా బీళ్లలోనూ పెరిగే సర్కారు తుమ్మకు దగ్గరి చుట్టం; ఆ తియ్యని కాయలను మన మేకలు తిన్నట్టే అక్కడ జింకలు తింటాయి. ఎర ఉన్న చోట కూడా సహజాహారం తెలిసినవాడే ఏ వారం ఎక్కడ కూర్చోవాలో చెప్పగలడు.

ప్రశ్న: డెన్వర్ వాసిని. ఎల్క్ కోసం ఒకటి, నల్ల ఎలుగు కోసం ఒకటి లైసెన్సు తీసుకోవాలనుకుంటున్నాను. ఓక్ సూత్రాలు ఇక్కడ పనిచేస్తాయా?

జవాబు: ఎలుగుకు పనిచేస్తాయి, ఎల్క్‌కు అంతగా పనిచేయవు. ఎల్క్ ప్రధానంగా గడ్డి మేసే జంతువు. కాయ రాలే చెట్టులాగా ఒక బిందువు మీద దాన్ని పట్టుకోలేరు. మేత బయలు ఒక కొండ చరియంత ఉంటుంది. సెప్టెంబరులో కింది గడ్డి ఎండిపోయాక, ఇంకా పచ్చగా ఉండే ఎత్తైన మైదానాలు, తేమ నిలిచే ఉత్తరపు వాలులు, కొన్నేళ్ల కిందట కాలిపోయి మళ్లీ చిగిర్చిన చోట్లు చూడాలి. రాత్రి బయలులో మేసి, తెల్లవారగానే చీకటి కమ్మిన సతత హరిత వృక్షాల మధ్యకు పోయి పడుకోవడం ఎల్క్‌ల అలవాటు. కాబట్టి మాటు బయలులో కంటే ఆ రెంటి మధ్య దారిలో మేలు. మంచు లోతుగా పడితే కిందికి దిగుతాయి. ఒక హెచ్చరిక: వేట మొదలైన రెండో రోజు నుంచి ప్రభుత్వ భూముల మీద మనుషుల తాకిడి పెరిగాక, ఎంత మంచి మేత ఉన్నా అవి బయటకు రావు. ఆకలి కంటే భయం పెద్దది.

ఎలుగు విషయంలో ఆహారమే సర్వస్వం. శరదృతువులో నల్ల ఎలుగు రోజుకు ఇరవై గంటల దాకా మేస్తూ, 20,000 కేలరీల వరకు తింటుంది. వేసవిలో జత కట్టినా, ఆడ ఎలుగు గర్భంలో పిండం శీతాకాలపు మొదట్లో గాని నాటుకోదు. అప్పటికి తగినంత కొవ్వు లేకపోతే ఆ ఏడు పిల్లలే ఉండవు. కొలరాడోలో వాటి ఆహారం గాంబెల్ ఓక్ పొదల కాయలు, చోక్‌చెర్రీ, సర్వీస్‌బెర్రీ అనే అడవి పొదల పండ్లు. విరిగిన కొమ్మలు, గింజలు నిండిన పెంట కనిపించిన పొదల వాలును ఎదుటి గట్టు మీద నుంచి బైనాక్యులరుతో గంటల తరబడి పరిశీలించడమే అక్కడి పద్ధతి. 1992లో ప్రజలు ఓటు వేసి ఎలుగులకు ఎర పెట్టడాన్ని రద్దు చేశారు కాబట్టి మీకు వేరే దారి కూడా లేదు. మెయిన్ రాష్ట్రంలో అలాంటి ప్రతిపాదనే 2004లోనూ 2014లోనూ ఓడిపోయి, ఎర ఇప్పటికీ కొనసాగుతోంది. పిల్లలున్న ఆడ ఎలుగును కాల్చడం నేరం. పొదల్లో పిల్లలు ఆలస్యంగా బయటపడతాయి, తొందరపడకండి. వసంతపు మంచుకు పొదలు మాడిన ఏడు ఎలుగులు ఊళ్ల మీద, చెత్త డబ్బాల మీద పడతాయి. అలాంటి ఏడు కాసిన వాలు ఒక్కటి దొరికినా చాలు.

ప్రశ్న: ఆదిలాబాద్ జిల్లా రైతును. అడవిపందులు మొక్కజొన్నను నాశనం చేస్తున్నాయి. ఇప్పపూలకు ఎలుగులు, దుప్పులు వచ్చినట్టే, చేను గట్టున ఏదైనా పెట్టి పందులను రప్పించి కొట్టవచ్చా? అమెరికాలో చేస్తున్నారు కదా.

జవాబు: చేయకూడదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వేట అన్న మాటకిచ్చిన నిర్వచనంలో చంపడమే కాదు, వల, ఉచ్చు, తరమడం, ఎర వేయడం, వీటిలో దేనికి ప్రయత్నించినా చేరుతుంది. అంటే పంది రాకపోయినా, ఎర పెట్టిన క్షణానికే మీరు వేటాడినట్టు. పంటకు తీవ్రమైన నష్టం జరుగుతుంటే అటవీ శాఖకు దరఖాస్తు పెట్టుకుని, వారు అనుమతించిన పద్ధతిలో, అనుమతించిన వ్యక్తితో మాత్రమే నివారణ సాధ్యం. కంచెకు కరెంటు పెట్టడం, పండులోనో పిండిలోనో నాటుబాంబు దాచడం గురించి మీరు అడగలేదు గాని చెబుతున్నాను: పందుల కోసం పెట్టిన తీగలకు మనుషులు, పశువులు, మీ కవ్వాల అడవి పక్కన పులులు కూడా బలి అయ్యాయి. 2020లో కేరళలో పేలుడు పదార్థం దాచిన పండు కొరికిన ఏనుగు నోరు చితికి చనిపోయింది.

జంతువు దేని కోసం ఎప్పుడు వస్తుందో తెలిసిన జ్ఞానం మాత్రం మీకు ఎంతో ఉపయోగం, వాడవలసింది రక్షణకు. మొక్కజొన్న పాలకంకి దశలో ఉన్న రోజులలోనే పందుల తాకిడి ఎక్కువ. మంచె కాపలాను పంట కాలమంతా సాగదీసి అలసిపోయే బదులు, చుట్టుపక్కల రైతులంతా ఒకే వారంలో విత్తి, ఆ గడ్డు రోజులకు వంతులు వేసుకుంటే మేలు. మొక్కజొన్న చుట్టూ నాలుగు వరుసల ఆముదం, వేరుశనగ చుట్టూ ముళ్ల కుసుమ వేయడం పందులను కొంతవరకు నిలువరిస్తుంది. క్షణకాలపు విద్యుత్ తట్టుతో గుచ్చినట్టు మాత్రమే తగిలే సౌర కంచె వేరు, లైను నుంచి లాగిన తీగ వేరు. మొదటిది చట్టబద్ధం, రెండోది హత్యాయత్నం.

ఇప్పపూల గురించి కూడా ఒక మాట. మార్చి, ఏప్రిల్ నెలలలో పూలు రాత్రి రాలతాయి, ఎలుగులు చీకటితోనే వస్తాయి, పూలు ఏరేవారూ తెల్లవారుజామునే వెళతారు. ఇద్దరిదీ ఒకే వేళ, ఒకే చెట్టు. బాగా వెలుతురు వచ్చాక, గుంపుగా, మాట్లాడుకుంటూ వెళ్లమని ఇంట్లోవారికి చెప్పండి.

ప్రశ్న: విస్కాన్సిన్‌లో డిసెంబరు చివరి విల్లు వేటకు వెళతాను. అప్పటికి కాయలు, పండ్లు అన్నీ అయిపోతాయి. ఇంక సహజాహారం ఏముంటుంది?

జవాబు: చాలానే ఉంటుంది, కాని కంటికి ఆనదు. మంచు తవ్విన గుంతలు కనిపిస్తే అక్కడ ఎర్ర ఓక్ కాయలు మిగిలి ఉన్నట్టు. కోత అయిన మొక్కజొన్న చేలో రాలిన కంకులు ఉంటాయి. అన్నిటికంటే ముఖ్యం, ఈ మధ్య కలప నరికిన చోటు. పడిపోయిన చెట్ల చిటారు కొమ్మల మొగ్గలు అందేంత ఎత్తులోకి రావడంతో జింకలు అక్కడే తిరుగుతాయి. ఎర్ర మేపుల్, డాగ్‌వుడ్ చిగుళ్లను జింక కొరికితే కొన చింపినట్టు పీచుగా ఉంటుంది, ఎందుకంటే దానికి పై దవడ ముందు పళ్లు లేవు. కుందేలు కొరికితే కత్తితో కోసినట్టు నున్నగా ఉంటుంది. చలి ముదిరిన రోజులలో ఎండ తగిలే దక్షిణపు వాలుల మీద, మధ్యాహ్నం దాటాక కూర్చోండి. పొద్దున్నే వెళితే పడుకున్నవాటిని లేపి పోగొట్టుకుంటారు.